పొగమామ కాపలా

పొగమామ కొండమీది మా సైనిక శిబిరంలో చేసిన చివరి పని నా మేజోడు నాకు తిరిగి ఇవ్వడం. సెలవు మీద ఆయన్ను కిందికి తీసుకెళ్లే ట్రక్కు అప్పటికే ఇంజను వేడెక్కించుకుంటోంది. ట్రంకుపెట్టె ఎక్కించేసి, మోకాలి లోతు మంచులో కుంటుకుంటూ మా గుడారం దాకా వచ్చి, దాన్ని నా ఒళ్లోకి విసిరాడు.

"ఇదిగో అల్లుడూ, ఉతికాను. కాలికి తొడుక్కో. కన్నానికి కాదు."

అందరూ పగలబడి నవ్వారు. నేను బూటు లేసు ముడేసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఎత్తేసరికి ఆయన వీపు కనిపించింది. ఇంటికి చేరిన నాలుగో రోజున, కుర్చీలో కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయిందని వైర్‌లెస్‌లో కబురొచ్చింది.

ఆయనది పద్దెనిమిదేళ్ల సర్వీసు. మోకాలు దెబ్బతిన్నాక గస్తీ నుంచి తప్పించి పొయ్యిల పని అప్పగించారు. పదకొండు గుడారాలు, గుడారానికి నలుగురం, మధ్యలో ఒక కిరోసిన్ పొయ్యి. దాని పొగ రేకు గొట్టంలోంచి పైకి పోవాలి. గొట్టం మూసుకుపోతే ఆ విషగాలి లోపలే తిరిగి, పడుకున్నవాణ్ని పడుకున్నట్టే తీసుకుపోతుంది. దగ్గు రాదు, మెలకువ రాదు. అందుకే తలగడల వైపు గుప్పెడంత గాలి కన్నం ఉంచేవారు. ఆ కన్నంలోంచి వచ్చే చలి మెడలో సూదిలా దిగేది. పళ్లు తోముకునే పేస్టు రాయైపోయే చలి అది. తాగే నీళ్లకి మంచు కరిగించుకోవాలి, బూట్లు గడ్డకట్టకుండా పక్కలో పెట్టుకుని పడుకోవాలి. ఇంత చలిలో ఆ కన్నాన్ని ఎవడు భరిస్తాడు? మేజోడు ఉండచుట్టి అందులో కుక్కేవాళ్లం. నలభైనాలుగు మందిమీ ఏదో ఒక రోజు చేసిన తప్పే అది.

పొగమామ వచ్చి లాగేసేవాడు. మర్నాడు హాజరు వేళ కర్రకి వేలాడదీసి ఊపేవాడు.

"ఈ కాలు ఏ అల్లుడిది? సిగ్గుపడకుండా రా నాయనా. వాసనను బట్టి వంటవాడిదనుకుంటున్నా."

"నాది కాదు మామా, నాది ఇంకా కంపు!" అని వంటవాడు అరిచేవాడు.

ఆయనకిద్దరూ మగపిల్లలే. "కూతుళ్లు లేకపోతేనేం, నలభైనాలుగు మంది అల్లుళ్లు. ఒక్కడూ మాట వినడు" అని వాపోయేవాడు. చేతిలో ఇనుప తీగ, దాని చివర గుడ్డపీలిక, ముఖం నిండా మసి. రోజుకు నాలుగు చుట్లు తిరిగేవాడు. తెల్లవారి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకాక ఒకటి, దీపాలార్పేముందు ఒకటి. ప్రతి గొట్టాన్నీ అరచేత్తో తాకి చూసేవాడు, పైన పేరుకున్న మంచు దులిపేవాడు. ఎవరైనా భయపడితే మీసం దువ్వుకునేవాడు.

"పైకి ఎందరెక్కామో కిందికి అందరం దిగుతాం. లెక్క తప్పితే ఈ మీసం తీసేస్తా."

ఆ మాటకి ఎదురు చెప్పబుద్ధి కాదు. అంత ధీమాగా అనేవాడు.

ఆ లెక్క తప్పబోయింది నా వల్లే. ఆ రోజు తెల్లవారుజామునుంచి కాపలా కాసి, కాళ్లు కొయ్యబారిపోయి నలుగురం గుడారంలోకొచ్చి పడ్డాం. పొయ్యి పెద్దది చేశాను. కన్నంలో మేజోడు కుక్కాను. "ఒరేయ్, పొగమామ తిడతాడు" అన్నాడు పక్క మంచం పొడుగాయన. "ఒక్క గంటేగా అన్నా" అన్నాను. బయట మంచు పడుతోంది. గొట్టం మీద ఎప్పుడు పేరుకుందో మాకు తెలియదు.

మెలకువ వచ్చేసరికి మంచులో బోర్లా పడి వాంతి చేసుకుంటున్నాను. తల పగిలిపోతోంది. పొగమామ ఆ దెబ్బతిన్న మోకాలితోనే మమ్మల్ని ఒక్కొక్కరినీ కాళ్లు పట్టి బయటికి ఈడ్చాడు. నాలుగోవాణ్ని ఈడ్చాక తనూ మంచులో కూలబడి, రొప్పుతూ నా చెంప మీద ఒక్కటిచ్చాడు.

"మధ్యాహ్నం చుట్టుకి రెండు గుడారాలు ఆలస్యమైతే ఏమయ్యేదిరా? మీ అమ్మకి నేనేం చెప్పుకోను?"

తర్వాత వేళ్లతో మా నలుగురినీ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. అప్పుడు నవ్వాడు.

రెండు రోజులు పోయాక పొడుగాయన నన్ను పట్టుకున్నాడు.

"మామకి ఓ మాట చెప్పావా?"

"ఏం మాట?"

"ప్రాణం నిలబెట్టాడ్రా నీది."

"అది ఆయన డ్యూటీ అన్నా. తెల్లవారుజామునుంచి కాపలా కాశాను, నాకెవరైనా దండం పెట్టారా?"

తప్పు నాది కాబట్టి నోరు పెద్దదైంది. ఆయన ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాణ్ని. ఆ కుక్కిన మేజోడు ఆయన దగ్గరే ఉండిపోయింది. దాన్ని హాజరులో కర్రకి తగిలించలేదు, పై అధికారికి చూపించలేదు. ట్రక్కెక్కేముందు ఉతికి ఇచ్చాడు. అప్పుడైనా లేచి నిలబడి రెండు ముక్కలు అనవచ్చు. సెలవు నుంచి వచ్చాక చెబుదాంలే అనుకున్నాను.

ఆయన కబురొచ్చేటప్పటికి చలికాలం ఇంకా నెలన్నర ఉంది. పొయ్యిలు ఎవరో ఒకరు చూడాలి. అధికారి నన్ను పిలిచాడు. "కన్నాల సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుందిలే" అన్నాడు. మేజోడు సంగతి ఎవరి నోట విన్నాడో, ఎగతాళి చేస్తున్నాడో నమ్ముతున్నాడో అర్థం కాలేదు. సరే సార్ అన్నాను. లెక్క తప్పనివ్వకూడదని ఒక్కటే అనుకున్నాను.

సామాన్ల గదిలో గుమాస్తా నాకు ఇనుప తీగ, గుడ్డపీలికల కట్ట ఇచ్చి, పని వివరాలు టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. నాలుగు చుట్లకీ సరైన వేళలు చూసుకుందామని అక్కడే నిలబడి చదివాను. సాయంత్రం పొయ్యిలు వెలిగించాక ఒక తనిఖీ. అంతవరకే ఉంది. వెనక్కి తిప్పి చూశాను, ఖాళీ.

"అన్నా, మిగతా మూడు చుట్లూ వేరే కాగితంలో ఉన్నాయా?"

"ఏ మూడు?" అన్నాడు గుమాస్తా. "రోజుకి ఒక్కటే తమ్ముడూ. మొదటినుంచీ ఒక్కటే."