నా నంబరు మీద ఆమె రక్తం

నా కిడ్నీలు పాడైనయని నాకు చెప్పింది డాక్టరు కాదు, ఫోను. మొయినాబాద్ దగ్గర కాలేజీ ఆఫీసులో హాజరు పట్టీలు సర్దుతుంటే మెసేజ్ వచ్చింది. "మీ మూత్రపిండాల పనితీరు తగ్గినట్లు గుర్తించాము. వెంటనే మా సిబ్బందిని సంప్రదించగలరు." కింద దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ. మనిషికి రోగం వచ్చిందని చెప్పి దండం పెట్టుడేంది? ఆ చేతుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అంతకు పది రోజుల ముందు, ఒక శనివారం, మా ముడిమ్యాల చర్చి హాలులో క్యాంపు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన పరిశోధన వాళ్లు. షుగరు, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నయో తెలుసుకోవాలని ఊరూరు తిరిగి రక్తం, మూత్రం పరీక్ష చేస్తున్నారట. మంచి పనే. నేను కాదనలేదు. నేను కాదన్నది వాళ్లు చేసిన పద్ధతిని.

మా ఊళ్లో వరుస కడితే మనుషులు నిలబడరు. యూరియా దుకాణం కాడ నేర్చుకున్న అలవాటు అది. పొద్దున్నే పోయి ఆధార్ జిరాక్సు నేల మీద పెట్టి, పైన ఒక రాయి పెట్టి, ఇంటికి వచ్చి పని చూసుకుంటం. కాగితమే మన తరఫున నిలబడుతది. ఆ రోజు ఆరు గంటలకు చర్చి మెట్ల మీద నా కాగితం పెట్టిన, పక్కనే మా యారాలి కాగితం పెట్టిన. యారాలంటే నా మరిది భార్య. మావి రెండు సంసారాలు, నడుమ ఒక గోడ, ఒకటే వంటిల్లు, ఆ వంటింట్లో మా అత్తమ్మ. యారాలి కాగితం కూడా నేనే పెట్టిన సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

క్యాంపు వాళ్లు రాగానే కాగితాలు వరుసగా ఏరుకున్నారు. అదే వరుసలో జాబితా రాసి, నంబర్ల స్టిక్కర్లు రక్తం గొట్టాలకు ముందే అంటించి స్టాండులో నిలబెట్టారు. మనుషులం కూడా అదే వరుసలో వచ్చి కూర్చుంటమని వాళ్ల నమ్మకం. ముడిమ్యాలలో కాగితం దారి వేరు, మనిషి దారి వేరు అని పట్నం వాళ్లకు ఎవరు చెప్పాలె?

నా వంతు వచ్చింది. నేను కుర్చీ దాక పోయేలోపల మా యారాలు చందనవెల్లి కంపెనీ యూనిఫారం వేసుకుని ఉరికొచ్చింది.

"అక్కా, జర జరుగు. కమాను కాడ నా బస్సు ఆగి ఉన్నది."

నా కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. రక్తం తీసే ఆమె జాబితా చూసి మా ఇంటిపేరు చదివింది. మా ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే. "ఆఁ, మేమే, జల్ది కానియ్యి" అన్నది యారాలు. సూది దిగింది. మూత్రం డబ్బా కూడా ఆ నంబరుదే చేతికిచ్చారు. తరువాతి కుర్చీలో నేను కూర్చున్న, తరువాతి నంబరు తీసుకున్న. నా ముందు కూర్చుని ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పదకొండేండ్ల కింద నా కొత్త కుక్కర్ ఆమె పుట్టింటికి పోయి మూత రబ్బరు లేకుండా తిరిగొచ్చిన సంగతి నేను మర్చిపోలేదు. ఇదెట్ల మర్చిపోత?

మెసేజ్ వచ్చిన సాయంత్రం నుంచే ఇంట్లో నేను రోగినైన. అత్తమ్మ నాకు వేరే గిన్నెలో ఉప్పు లేని పప్పు వండింది. నేను ఉప్పు డబ్బా దిక్కు చూస్తే డబ్బా పై అరకు ఎక్కింది. ఆదివారం చర్చిలో నా కిడ్నీల కోసం ప్రార్థన చేశారు, పేరు పెట్టి మరీ. అన్నం కాడ మా యారాలు మామిడికాయ తొక్కు కలుపుకుంట నా వైపు చూసింది.

"నీ ముందల పెట్టుకుని తినుడు పాపమే గానీ అక్కా, ఈసారి తొక్కు మస్తు కుదిరింది."

"తిను, తిను. నీకేం, నీకు నార్మల్ వచ్చింది."

"కంపెనీల నిలబడి పని చేస్తం కదా, మా ఒళ్లు గట్టిగుంటది. కుర్చీల కూసునే వాళ్లకే ఈ రోగాలు."

నేను చేవెళ్ల పోయి ఒక ల్యాబులో పరీక్ష చేయించుకున్న. అంతా బాగున్నదని వచ్చింది. అత్తమ్మ ఆ కాగితాన్ని పట్టించుకోలేదు. "పట్నం మిషను చెప్పినంక ఈ చిన్న దుకాణపోనికి ఏం తెలుస్తది?" అన్నది. ఇంకో ల్యాబుకు పోయిన. మళ్లీ బాగున్నది. మా ఊరి ఆశ వర్కరు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఒప్పుకోవాలె అక్కా, మొదట్ల అందరూ గిట్లనే అంటరు" అన్నది. నాకు రోగం లేదని నేను ఎంత గట్టిగా అంటే, అంత గట్టిగా ఉన్నట్టు లెక్క! ఇంతకంటే మనిషిని విసిగించే సంగతి ఇంకోటి ఉంటదా?

పరిశోధన వాళ్ల ఆఫీసు మొయినాబాద్‌లో టైల్స్ దుకాణం పైన కిరాయికి తీసుకున్న రెండు గదులు. కాలేజీ అయినంక రెండు ల్యాబుల కాగితాలు పట్టుకుని మెట్లెక్కిన. అక్కడి కోఆర్డినేటర్ కాగితాలు తిప్పి చూసిండు.

"మీరు సంతకం చేసిన ఫారంలో ఉన్నది మేడం, ఈ ఫలితాలు వైద్య నిర్ధారణ కాదని."

"అది ఎవరు చదువుతరు సార్? చదివినా అర్థమయ్యే తెలుగేనా అది? నాకు ఉప్పు బందు చేసిన్రు ఇంట్ల."

చాలాసేపు కంప్యూటర్ చూసి, "ఏదో పొరపాటు అయినట్టున్నది. మీ నంబరు స్టడీ నుంచి తీసేస్తం" అన్నడు.

గెలిచిన అనుకున్న. బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. చేవెళ్ల దాక మనసులోనే అత్తమ్మకు, ఆశ వర్కరుకు, చర్చి మొత్తానికి జవాబులు చెప్పుకుంట వచ్చిన. చేవెళ్లలో దిగి ఊరికి ఆటో కోసం చూస్తుంటే అప్పుడు తట్టింది. నంబరు తీసేస్తరు సరే. ఆ రక్తం ఎవరిదో ఒకరిది కావాలె కదా?

నా కుర్చీలో ఎవరు కూర్చున్నరో నాకు తెలుసు. ఆ సంగతి ముడిమ్యాలలో అందరూ మర్చిపోయినా నేను మర్చిపోలేదు. ఆమె ఈ మధ్య కంపెనీ బూట్ల మడమ తొక్కి, చెప్పుల లెక్క ఈడ్చుకుంట పోతున్నది, పాదాలు వాచి బూట్లు పట్టక. నిలబడి నిలబడి వచ్చిన నొప్పులని రోజుకు రెండు నొప్పి గోలీలు మింగుతున్నది. ఇన్ని రోజులు ఎదురుంగ కూర్చుని తింటూ నేను చూసింది తొక్కును, పాదాలను కాదు.

నిజం రాయాలె. నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇగ ఉప్పు లేని పప్పు ఆమె తినాలె అని. ఆటో ఊళ్లోకి వచ్చేదాక ఆ సంతోషం ఉన్నది. ఇంటి ముందట ఆమె గడప మీద కూర్చుని పాదాలు ఒత్తుకుంట కనిపించినంక పోయింది.

"ఆ రోజు నా జాగల నువ్వు కూసున్నవ్. నా నంబరు మీద పోయింది నీ రక్తం. మళ్లీ పరీక్ష చేయించుకో" అన్న.

"నేనెప్పుడు కూసున్న నీ జాగల?"

"బస్సు ఉన్నది, జరుగు అనలేదా?"

"నువ్వే పొమ్మన్నవ్. నువ్వే లేచి జాగ ఇచ్చినవ్. ఇప్పుడు నీ రోగం తెచ్చి నాకు అంటగట్టకు అక్కా!"

రెండు రోజులు ఇదే కొట్లాట. వరుస తప్పించినని ఒప్పుకుంటే రోగం ఒప్పుకున్నట్టే అయితది. అందుకే ఆమె వరుస దగ్గరనే మొండికేసింది. నేనూ తగ్గలేదు. చివరికి అత్తమ్మ బియ్యం ఏరుకుంట, తల ఎత్తకుండ యారాలితో అన్నది: "నేను ఆడనే ఉన్న. నువ్వే ముందుగాల కూసున్నవ్ బిడ్డా. నా కండ్లతోని చూసిన." ఇన్ని రోజులు ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, "నన్ను ఎవరడిగిన్రు?" అన్నది. ఈ ఇంట్లో గిట్లనే ఉంటది.

మళ్లీ మొయినాబాద్ మెట్లెక్కిన. కోఆర్డినేటర్ నన్ను చూడగానే ముఖం మాడ్చుకున్నడు.

"ఆమెది నార్మల్ వచ్చింది కదా మేడం. నార్మల్ వచ్చినోళ్లను మళ్లీ పిలిచే పద్ధతి మా దగ్గర లేదు."

"ఆ నార్మల్ నాది సార్. ఆమెది మీరు తీసిపారేసిన నంబరు."

"దాన్ని డేటా నుంచి తీసేసినం. స్టడీకి ఇగ ఏ ఇబ్బంది లేదు."

"స్టడీకి లేదు. మనిషికి ఉన్నది."

నేను లేవలేదు. ఆయన టీ తాగిండు, నన్ను అడగలేదు, అది కూడా గుర్తు పెట్టుకున్న. దుకాణం షట్టర్ దించే వేళకు విసిగిపోయి ఎవరికో ఫోను చేసిండు. గురువారం వాళ్ల డాక్టరమ్మ వస్తది, తీసుకురమ్మన్నడు.

గురువారం యారాలు వచ్చింది, కానీ నాతో కాదు. అదే బస్సులో వెనుక సీట్లో కూర్చున్నది. ఒక్క రోజు నాగా పెడితే లైన్ లీడర్ మళ్లీ బరువులు మోసే పనికి మారుస్తడని మరిదితో ఫోనులో దారి పొడుగునా చెప్పింది, నాకు వినబడాలని. డాక్టరమ్మ పాదాలు వేలితో ఒత్తి చూసింది, మళ్లీ రక్తం, మూత్రం తీయించింది. రెండు రోజులకు తెలిసింది. చెడింది యారాలి కిడ్నీలే. మూత్రంలో ప్రోటీను పోతున్నది.

ఈసారి మెసేజ్ కాదు, డాక్టరమ్మే కూర్చోబెట్టి చెప్పింది. పూర్తిగా చెడిపోలేదట. చెడినది వెనక్కి రాదు, మిగిలింది కాపాడుకోవచ్చట. నొప్పి గోలీలు ఆ రోజు నుంచే బందు. మొదట షుగరు కోసం వచ్చిన ఒక మందు, షుగరు లేనోళ్లకు కూడా కిడ్నీలు చెడుడును నెమ్మది చేస్తదని ఈ మధ్యనే పరిశోధనల్లో తేలిందట. అది రాసిచ్చింది. "నొప్పి గోలీలు మింగుకుంట ఇంకో రెండేండ్లు పోయి ఉంటే వేరే మాట చెప్పేదాన్ని" అన్నది. యారాలు ఆ మాటకు చీర కొంగు నోట్లో కుక్కుకున్నది. నేను గోడ మీద క్యాలెండర్ చూసిన.

బయటికి వచ్చినంక ఆమె అన్న మొదటి మాట ఇది: "నువ్వు ఇంత కిందామీద చేయకపోతే నాకు ఈ రోగం ఉన్నట్టే తెలియకపోవు." దాన్ని కృతజ్ఞత అనుకోవాలో తిట్టు అనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. నేను తిట్టు కిందనే రాసుకున్న.

మూడు నెలలయింది. పరిశోధన వాళ్లు మా ఊరికి మళ్లీ రాలేదు. చర్చిలో నా కోసం చేసిన ప్రార్థనను ఎవరూ వాపసు తీసుకోలేదు. పోయిన వారం యారాలు మూడు నెలల పరీక్షకు దవాఖానకు పోయింది. నేను సెలవు పెట్టి తయారై కూర్చున్న. ఆమె మరిదిని తీసుకుని నాకు చెప్పకుండ పొద్దున్నే పోయింది. తిరిగొచ్చినంక కూడా నా దిక్కు రాలేదు. అత్తమ్మను వాళ్ల గదిలోకి పిలిచింది. నేను గోడకు ఇవతల బట్టలు మడత పెడుతున్న. చెయ్యి ఆపి విన్న.

"కిడ్నీల పని అట్లనే ఉన్నదట అత్తమ్మా. అప్పటికంటే కిందికి దిగలేదట. మందు పని చేస్తున్నదన్నది డాక్టరమ్మ."

"దేవునికి స్తోత్రం" అన్నది అత్తమ్మ.

అంతే. నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. మిగిలిన బట్టలు మడత పెట్టి బీరువాలో పెట్టిన.