రెండు వైపులా ఒకే అంచు

సిరిసిల్లలో కోరుట్ల బస్సెక్కేటప్పటికే నాకు ఒళ్లు మండుతోంది. ఫోన్ ముట్టకుండా 73499437 ప్రధాన సంఖ్యో కాదో తేలుస్తానని నా పదో తరగతి పిల్లల ముందు పంతం పట్టాను. మూడు రోజులుగా భాగిస్తూనే ఉన్నాను. నోట్‌బుక్ సగం నిండింది, ఏ సంఖ్యతోనూ నిశ్శేషంగా పోవడం లేదు. పైగా పక్కసీటాయన నా భుజం మీంచి తొంగిచూస్తున్నాడు.

“ఏంది సారూ, బస్సెక్కినకాంచి గదే లెక్క జేస్తున్నరు?”

“దీన్ని ఏ సంఖ్య భాగిస్తుందో చూస్తున్నా,” అన్నాను విసురుగా.

“నాకు లెక్కలు రావు. సాంచ మీద చీరలు నేస్త. గని గీ అంకెకు రెండు దిక్కులా ఒక్కటే అంచున్నది సారూ. నడుమ మడతేసి సూడుండ్రి.”

“ఇది చీర కాదయ్యా!” అని కసిరాను.

ఆయన తన స్టేజీ రాగానే సంచీ తీసుకుని దిగిపోయాడు.

బస్సు కదిలాక చూశాను. ఇటు నుంచి 7349, అటు నుంచీ 7349. ఎటు చదివినా ఒకటే అయిన సంఖ్యలో అంకెలు సరిసంఖ్యలో ఉంటే, పదకొండు దాన్ని తప్పకుండా భాగిస్తుంది. ఏటా ఈ మాట బోర్డు మీద రాసేది నేనే. నోట్‌బుక్ మొదటి పేజీ తిప్పాను. పదకొండు పక్కన నా దస్తూరీలోనే “పోదు” అని ఉంది, కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా.

మర్నాడు జవాబు చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. అవి ఎవరికి దక్కాలో చెప్పడానికి నాకు నోరు రాలేదు.