నా నాలుగు పళ్ళకు ఫ్లోరైడ్ పూత

ఎడారి దేశంలో, అల్ ఖోర్ అనే ఊళ్ళో మా అబ్బాయి ఉండే కాంపౌండులో ఒక శుక్రవారం నీళ్ళ మీద చర్చ పెట్టారు. మూడొందల మంది ముందు ప్రసంగించానని ఊళ్ళోవాళ్ళకు ఫోన్లో చెప్పాను. నిజానికి పట్టుమని పదిమందిమి లేము. అందులో ఇద్దరు పులిహోర కోసం వచ్చినవాళ్ళు.

ఇక్కడ సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి కుళాయిలకు వదులుతారు. పిల్లల పళ్ళు పుచ్చకుండా అందులో కాస్త ఫ్లోరైడ్ కలపాలా వద్దా అన్నది వాదం. "నీళ్ళ శాఖను ఏలినవాణ్ణి, నన్నడగండి" అంటూ లేచాను. నేను ఏలింది ఒక వాల్వుని. పొద్దున తిప్పడం, సాయంత్రం కట్టేయడం.

నేను గొంతు సవరించుకునేలోపే మా కోడలు అందుకుంది. "కలుపుడు వద్దే వద్దు. మా నల్లగొండ దిక్కు పోయి చూడుండ్రి."

"అక్కడ భూమిలోంచి మోతాదు మించి వస్తుందమ్మా. ఇక్కడ కలిపేది చిటికెడు" అన్నాడు పక్కింటి ఇంజనీరు.

"చిటికెడేనని మా నాయనకు మీరు జెప్తరా సార్?"

ఆ నీళ్ళు తాగి తాగి మా వియ్యంకుడి మెడ బిగుసుకుపోయింది. తల ఎత్తలేరు. అప్పగింతలప్పుడు ఈ పిల్ల పట్టుచీరతో నేలమీద కూర్చుని, ఆయన చూపు పడేచోట తన ముఖం పెట్టింది. నేను చెక్కు చెదరలేదని చెప్పుకుంటుంటాను. పందిరి వెనక్కి పోయి ఏడ్చాను.

అసలు చిక్కు మా ఇంట్లోనే ఉంది. మా మనవరాలికి ఒక దంతం పుచ్చింది. దాన్ని బాగుచేసిన డాక్టరమ్మ, మిగతావి నిలవాలంటే ఫ్లోరైడ్ పూత వెయ్యాలంది. కోడలు వాయిదాలు వేస్తోంది. పైగా రోజూ బడి బస్సు రాకముందు ఆ పిల్లచేత వంగి కాలివేళ్ళు ముట్టిస్తుంది, గడ్డం ఛాతీకి ఆనిస్తుంది, చేతులు తల వెనక కట్టిస్తుంది. ఒళ్ళు బిగుసుకుపోతోందేమోనని వాళ్ళ ఊరి పిల్లలకు డాక్టర్లు చేసే పరీక్ష అది. లోకంలో పిల్లలందరూ అలాగే బడికి పోతారని మా మనవరాలి నమ్మకం.

"ముందు నాకు పూయిద్దామమ్మా. ఏమన్నా అయితే నాకే అవుతుంది" అన్నాను కోడలితో.

"అట్ల మాట్లాడకుండ్రి మామయ్యా" అంది గానీ, వద్దనలేదు.

క్లినిక్‌లో సింహంలా కూర్చున్నాను. అంటే, కుర్చీ చెయ్యి మీంచి నా వేళ్ళను నర్సు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. నాకు మిగిలిన నాలుగు పళ్ళకీ డాక్టరమ్మ నవ్వకుండా పూత వేసింది.

మర్నాటి నుంచి మనవరాలి పక్కన నన్నూ నిలబెట్టింది కోడలు. "వంగుండ్రి మామయ్యా." నా చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. కోడలి ముఖం పాలిపోయింది. ఒక్క పూతకే నడుం బిగుస్తుందా అని మీకు నవ్వు రావచ్చు. వాళ్ళ నాన్నను చూసిన నాకు రాలేదు.

"అమ్మా, ఇది పొట్ట! నా పెళ్ళినాటికే ఇంత ఉంది."

పకపకా నవ్వింది. నవ్వుతూనే చున్నీతో కళ్ళొత్తుకుంది.

నీళ్ళలో కలపొద్దని ఆమె ఇప్పటికీ ఇంజనీరుతో పోట్లాడుతుంది. కానీ ఆ వారంలోనే పిల్లను క్లినిక్‌కి తీసుకెళ్ళింది. "మింగితే ఎట్ల?" అని రెండుసార్లు అడిగి, పిల్ల గడ్డం రెండు చేతులా పట్టుకుంది. "నోరు తెరువు బిడ్డా."

"తెరిచాను. నువ్వు కళ్ళు తెరువమ్మా" అంది పిల్ల.

కోడలు కళ్ళు తెరిచి, చివరి పన్నుకు పూత పడేదాకా చూసింది.