దేవసహాయం అడిగిన పెద్ద లైటు

1962 వేసవి. నాయుడుపేటలో మద్రాసు రోడ్డు పక్కన నా కొట్టు. బోర్డు మీద 'ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్' అని గొప్పగా రాయించుకున్నాను గానీ, జనం నోట్లో అది బ్యాటరీల కొట్టే. లారీల డైనమోలు విప్పి బాగుచేయడం, బ్యాటరీలకు ఛార్జింగు పెట్టడం, మూగబోయిన హారన్లను మోగించడం నా పని. మోటారు సైకిళ్ళు అరుదుగా వచ్చేవి. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒక్కటే, పెద్ద లైటు. ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్మాలి, ఫలానా ఆయన వస్తున్నాడని ఊరంతటికీ తెలియాలి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

దేవసహాయం కూడా ఆ మాటతోనే వచ్చాడు. వాకాడు దగ్గర రైసుమిల్లులో ఆయిలింజను నడిపే మనిషి. అంతకుముందు పట్టాళంలో పనిచేశాడు. డిస్పోజల్‌లో, అంటే సైన్యం వద్దనుకుని అమ్మేసిన సామానులో, ఒక పాత మోటారు సైకిలు కొనుక్కున్నాడు. ఆయన భార్య ఎస్తేరమ్మ సర్కారు నర్సు. సముద్రం ఒడ్డు పల్లెల్లో కష్టమైన కానుపులన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగేవి. కబురొస్తే వేళాపాళా చూడకుండా ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఇసకదారిలో తీసుకుపోయేది ఆయనే.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. ఎస్తేరమ్మ బెంచీ చివర కూర్చుంది. దేవసహాయం గోనెసంచిలోంచి ఒక లారీ హెడ్‌లైటు తీసి నా బల్ల మీద పెట్టాడు. అన్నం తినే కంచమంత ఉంది.

"మస్తానన్నా, దీన్ని నా బండికి బిగించాల."

"దీనికి నీ బండిని బిగించినట్టుంటాది గదయ్యా!" అన్నాను.

"నవ్వబాకన్నా. పోయిన నెల సరుగుడు తోపుల కాడ ఇద్దరం ఇసకలో పడినాం. అప్పట్నించి ఈమె రాత్రి కానుపులకు రానంటా ఉంది. నెల్లూరికి బదిలీ అడుగుతానంటా ఉంది. ఈమె పోతే ఆ పల్లెల్లో ఆడోళ్ళకు దిక్కెవురు?"

నా నవ్వు ఆగిపోయింది. ఎస్తేరమ్మ తల వంచుకుని పైటకొంగు వేలికి చుట్టుకుంటోంది.

బండి హెడ్‌లైటు విప్పి చూశాను. బల్బు వెనక గిన్నెలా ఉండేదాన్ని రిఫ్లెక్టర్ అంటారు. దానికి అద్దంలాంటి వెండిపూత ఉంటుంది, బల్బు వెలుగును రోడ్డు మీదికి తోసేది అదే. ఉప్పుగాలికి ఆ పూత మాసిపోవడం మా ప్రాంతంలో మామూలే. ఇది మాసిపోలేదు, పూర్తిగా అరిగిపోయింది. లోపల ఇత్తడి కనిపిస్తోంది.

"దీన్ని దేంతో తుడస్తా ఉండావు?"

"ఇత్తడి పాలిషుతో. ఆదివారం ఆదివారం, చర్చికి పోయే ముందర," అన్నాడు ఛాతీ విరుచుకుని. "పట్టాళంలో బొత్తాలూ బకిల్సూ అంతే గదన్నా!"

పట్టాళం మనిషికి మెరిసేది కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. వెండిపూతను వేలితో తాకడానికే మేము భయపడతాం. ఈయన వారంవారం రుద్ది రుద్ది సొంత లైటును సొంత చేతులతో ఆర్పుకున్నాడు. తిడదామని నోటిదాకా వచ్చింది గానీ, భార్య ముందు బాగుండదని మింగేశాను.

తర్వాత లారీ లైటు సంగతి చెప్పాను. బండికి కరెంటు పుట్టించేది డైనమో, దాచిపెట్టేది బ్యాటరీ. ఇంజను జోరుగా తిరిగితేనే డైనమో కరెంటు ఇస్తుంది. నెమ్మదిగా పోతే లైటు బ్యాటరీనే తాగుతుంది. పైగా లారీ బల్బు పన్నెండు వోల్టులది, ఆయన బండి ఆరు వోల్టులది. బల్బు మార్చినా అంత ఆకలిగల లైటును ఆ చిన్న డైనమో మేపలేదు.

"ఇసకలో ఏ గేర్లో పోతావు?"

"ఫస్టు, లేకుంటే సెకండు. పడతా లేస్తా పోవడమే."

"అయితే నీకు వెలుతురు కావాల్సిన చోటే ఇది ఆరిపోతాది."

నమ్మలేదు. కొట్టు తలుపులు మూసి, దానికి ఆరు వోల్టుల బల్బు వేసి, తీగలు డైనమోకే కలిపి, ఇంజను నెమ్మదిగా నడిపి చూపించాను. అంత పెద్ద లైటూ బీడీ నిప్పులాగా ఎర్రగా మిణుకుమంది. దేవసహాయం ముఖం చిన్నబోయింది.

నేను ఎస్తేరమ్మ వైపు తిరిగాను. "నర్సమ్మా, వెనక కూర్చునేది నువ్వు. దారి ఎంత దూరం కనపడితే నీకు భయం పోతాది?"

ఆమె పైటకొంగు వదిలేసి తలెత్తింది.

"నాకు దారంటే భయం లేదన్నా. ఇసకలో పడితే దులుపుకుని లేస్తాం," అంది. "పోయిన నెలలో ఒక పిల్లకు కానుపు చేసినా. బిడ్డ బాగానే పుట్టినాడు. తల్లికి నెత్తురు ఆగలా. యాడ చినిగిందో చూద్దామంటే ఆ గుడిసెలో ఒకటే లాంతరు, దానికీ మసి. చేత్తో తడుముకుంటా కూర్చున్నా. ఆ పిల్ల నా చేతుల్లోనే పోయింది. ఇంగ చీకట్లో నేను ఆ పని చెయ్యలేను."

దేవసహాయం నోరు తెరిచి చూస్తున్నాడు. "నాకెందుకు చెప్పలా?"

"నువ్వు ఎప్పుడు చూసినా రోడ్డు సంగతే చెప్తా ఉంటే నేనేం చెప్పేది?"

లారీ లైటును తీసుకెళ్ళి గోనెసంచిలో పెట్టేశాను.

లారీ మెకానిక్కులు బానెట్ కింద చూసుకోవడానికి ఇన్‌స్పెక్షన్ ల్యాంపు వాడతారు. చేతిపిడి, తగిలించుకునే కొక్కెం, బల్బు చుట్టూ తీగల గూడు ఉంటాయి. అలాంటిదానికి ఆరు వోల్టుల బల్బు వేసి, బండి బ్యాటరీకి కలిపి ఎస్తేరమ్మ చేతికిచ్చాను. ఆమె దాన్ని దూలానికి తగిలించి, చేతులు కింద చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మొదటిసారి ముఖంలో కళ వచ్చింది.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ పల్లెల్లో కానుపు జరిగే గుడిసె దరిదాపులకు మగవాళ్ళు పోరాదు. దేవసహాయం బండితో సహా దూరంగా, తోపులోనే ఆగిపోవాలి. అంత దూరం సన్నటి తీగ లాగితే వోల్టేజి డ్రాప్ అవుతుంది, అంటే కరెంటు బలం దారిలోనే కరిగిపోతుంది. లావు తీగ అయితే బండి మీద మోయలేనంత బరువు. బ్యాటరీ ఒక్కటే విప్పి పంపుదామంటే, చీకట్లో తీగలు తారుమారైనా, యాసిడ్ ఒలికినా ప్రమాదం. సంచిలో పట్టినంత లావు తీగ మాత్రం చుట్టి ఇచ్చాను.

"ఇది తోపు దాకా రాదు నర్సమ్మా."

"రాకపోతే మానె. అది నేను ఆడోళ్ళతో మాట్లాడుకుంటాలే," అంది.

దేవసహాయానికి ఒకటే చెప్పాను. "బ్యాటరీ మొత్తం దిగిపోయినా బండి కదులుతాది, నీ ఇంజనుకు నిప్పు బ్యాటరీతో పనిలేని మాగ్నెటో ఇస్తాది. కానీ తిరిగొచ్చేటప్పుడు లైటు మీద ఆశ పెట్టుకోబాక." పాత లైటుకు కొత్త రిఫ్లెక్టర్ వేసి, దాని మీద పాలిషు పడితే నా కొట్టు మెట్లు ఎక్కవద్దని గట్టిగా చెప్పి పంపాను.

వానలు మొదలయ్యాక దేవసహాయం ఒక్కడే వచ్చాడు, ల్యాంపుకు బల్బు కోసం. కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"మొదటిసారి తీగ చాల్లేదన్నా. గుడిసె కాడ ముసలమ్మ బయటికొచ్చి, 'నువ్వు రాకూడదు గానీ, బండికేం అంటు? దాన్ని ఇట్టియ్యి,' అనింది. నలుగురు ఆడోళ్ళు వచ్చి నా బండిని తోసుకుంటా పోయి గోడకు ఆనించుకున్నారు. నేను తోపులో ఒంటరిగా నిలబడినా. ఇప్పుడు ఏ పల్లెకు పోయినా అంతే. నన్ను చూసేవాళ్ళు లేరు, బండి వచ్చిందా అంటారు."

"నర్సమ్మ బదిలీ?"

"ఇంగ ఆ మాటే ఎత్తలా."

బల్బు కాగితంలో చుట్టి ఇస్తూ, రోడ్డు మీద లైటు సరిపోతోందా అని అడిగాను. కొత్త రిఫ్లెక్టర్ ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలని నా ఆరాటం.

"పోయేటప్పుడు బాగానే ఉంటాదన్నా. వచ్చేటప్పటికి బ్యాటరీ అంతా ఆమె దీపానికే అయిపోతాది. అందుకని తెల్లారిందాకా ఆడనే ఉంటాం. ఆమె తల్లినీ బిడ్డనూ ఇంకోసారి చూసుకుంటాది. నేను తోపులో కాస్త నడుం వాలుస్తా. వెలుగొచ్చినాక ఇద్దరం నిదానంగా వస్తాం. ఇంగ పెద్ద లైటు నాకెందుకన్నా?"

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ కొట్టు నడిపాను. పెద్ద లైటు కావాలని వచ్చినవాళ్ళ మీద మళ్ళీ విసుక్కోలేదు. బండి స్టాండు వేయించి, కూర్చోబెట్టి, వెనక ఎక్కేది ఎవరని అడిగేవాణ్ణి. వీలైతే ఆ మనిషిని కూడా ఒకసారి కొట్టుకు తీసుకురమ్మనేవాణ్ణి.