నరసన్న బెంచీ మీది మనిషి

2007లో ఎర్రగుంట్లలో ఎయిడ్స్ నయమైన మనిషిని చూడాలనుకుంటే ఎక్కడికీ పోనక్కర్లేదు. ఆర్‌ఎంపీ నరసన్న క్లినిక్ ముందు బెంచీ మీదే కూర్చుని ఉండేవాడు. పేరు తిమ్మయ్య. సిమెంటు లారీ తోలి తోలి, హెచ్ఐవీ తగిలించుకుని, ఎముకల గూడై ఇల్లు చేరినవాడు.

కడప పెద్దాసుపత్రిలో ఇచ్చే హెచ్ఐవీ మందులు భార్య రామలక్ష్మమ్మ పట్టుబట్టి మింగిస్తూనే ఉంది. పేరు మాత్రం నరసన్న ఇచ్చిన తెల్ల మాత్రలకు వచ్చింది. మూడు నెలల్లో ఆకలి పుట్టింది, బుగ్గలు పూరీల్లా పొంగాయి, పొట్ట ముందుకొచ్చింది. నరసన్న ఊరికే మాత్రలిస్తాడు, తిమ్మయ్య ఊరికే బెంచీ మీద కూర్చుంటాడు. అదీ ఒప్పందం. ఒకప్పుడు అతని గ్లాసు ముట్టనివాళ్లే వచ్చి బుగ్గలు చూసిపోతుంటే తిమ్మయ్యకు పెళ్లికొడుకైనంత సంబరం.

ఏడాది తిరిగేసరికి నరసన్నకు ఆ పేరు చాల్లేదు. పదిమంది ముందు ప్రకటించాడు.

"తిమ్మయ్యకు రోగం పోయిండాది. రేపట్నుంచి నా మాత్ర ఒక్కటి గూడా అక్కర్లేదు!"

నాలుగో రోజుకు ఆ రోగం పోయిన మనిషి తిన్నదంతా కక్కి, లేవలేక, కళ్లు తేలేశాడు. "ఇంగ నా చేతిలో ఏం లేదమ్మా" అని నరసన్న తలుపు మూసుకున్నాడు.

రామలక్ష్మమ్మ భర్తను కడపకు మోసుకుపోయింది. డాక్టరమ్మ పద్మప్రియ సూదిమందు వేసి ప్రాణం నిలబెట్టింది. కాస్త తేరుకున్నాక ఒక ఉదయం ఎనిమిదింటికి రక్తం తీయించింది. గ్రంథిని లేపే మందు ఎక్కించి అరగంటకు మళ్లీ తీయించింది. రెండుసార్లూ కార్టిసాల్ అడుగునే ఉంది.

"మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి ఆపద వస్తే నిలబెట్టే కార్టిసాల్ హార్మోన్ అవే చేస్తాయి. నువ్వు మింగిన ఆ తెల్ల మాత్రలు స్టెరాయిడ్. ఏడాదిపాటు బయటినుంచి అది పోస్తే ఆ గ్రంథులు పని మానేశాయి. అది ఉన్నట్టుండి ఆపితే ఇంకేముంది? ఇక కొంచెం కొంచెంగా నేను తగ్గిస్తాను. హెచ్ఐవీ ఎక్కడికీ పోలేదు, ఆ మందులు మాత్రం మానొద్దు."

"మరి నా బుగ్గలు?"

"అది స్టెరాయిడ్ వాపు."

చావు తప్పిందన్న సంతోషం కంటే, ఆ బుగ్గలు తనవి కావన్న సిగ్గే తిమ్మయ్యకు ఎక్కువైంది.

నెల తర్వాత ఊరికొస్తే బెంచీ మీద కమలాపురం లక్ష్మక్క కూర్చుని ఉంది. ఆమెకూ అదే రోగం, అవే మాత్రలు. బుగ్గలు అప్పుడే పొంగుతున్నాయి. తిమ్మయ్య పక్కనే కూలబడి, పరీక్ష కాగితం ఒళ్లో పరిచాడు.

"అక్కా, ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపితే పాణం పోతాది. నాకు పోయి వచ్చినట్టయింది. ఎల్లుండి నాతో కడపకు రా, రక్తం చూస్తారు."

నరసన్న ఊగిపోతూ బయటికొచ్చాడు. "లేయప్పా ఈడ్నుంచి!"

"యాడికి పోయేది సామీ? రోగం పోయినోన్ని చూడాలని జనం వస్తాండారు గదా" అన్నాడు తిమ్మయ్య, అందరికీ వినబడేలా.

మాత్రల కోసం వరుసలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఆ కాగితంలో ఏముందో అడగడం మొదలుపెట్టారు.