భుజం మీది వేళ్లు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో పొగాకు సైంటిస్టు శేషగిరి గారంటే తెలియని తెలుగువాళ్లు లేరు. ముప్పై ఏళ్లు ఒంటారియో పొలాల్లో పొగాకు తెగుళ్ల మీద పరిశోధన చేసి రిటైరయ్యాడు. మనిషి మంచివాడే. కాకపోతే సొంత ఊరి సంగతి అడిగితే ఒకటే కథ చెప్పేవాడు: గుంటూరు దగ్గర పాతికెకరాల పొగాకు, చిన్నప్పుడే అమ్మానాన్నా పోవడం, మేనమామ పెంపకం. భార్య పద్మినికీ అదే చెప్పాడు. నలభై ఆరేళ్లుగా పాపం ఆవిడ నమ్ముతూనే ఉంది.

రిటైరయ్యాక ఊరుకోవచ్చు కదా! అమెరికా ఇంకా ఇంగ్లండు చేతిలో ఉన్న రోజుల్లో పొగాకు తోటలతో పైకొచ్చి గవర్నరైన ఒక దొర జీవితచరిత్ర రాయడం మొదలుపెట్టాడు. మొన్న ఆదివారం లైబ్రరీ హాల్లో దాని గురించి మాట్లాడాడు. దొర నాటాడు, దొర కోశాడు, దొర ఓడలకెక్కించాడు. ఆ తోటలో రెండొందల మంది బానిసలుండేవారన్న సంగతి ఒక్క వాక్యంలో దాటేశాడు. దాటేయడం ఆయనకు కొత్త కాదు లెండి.

చివర్లో రచయిత పరిచయమంటూ తెర మీద తన ఫోటో వేశాడు. అగ్రికల్చర్ కాలేజీలో పట్టా పుచ్చుకున్న రోజుది. పక్కన నిలబడ్డ మనిషిని కత్తిరించేశాడు గానీ, భుజం మీద నాలుగు వేళ్లు మిగిలిపోయాయి.

వెనక వరసలోంచి విద్య చెయ్యెత్తింది. ఒంగోలు పిల్ల, ఇక్కడ మాస్టర్స్ చేస్తోంది.

"అంకుల్, ఆకంతా దొరే కోస్తే ఆ రెండొందల మంది ఏం చేసినట్టు?"

హాల్లో నవ్వులు.

"ఇంకో డౌట్ అంకుల్. ఆ ఫోటోలో వేళ్లెవరివి? గోళ్లు నల్లగా ఉన్నాయి. మా అమ్మమ్మ పొగాకు గ్రేడింగ్‌కి, ఆకు రకాలుగా ఏరే కూలికి, వెళ్లేది. ఆకు జిగురు పట్టి ఆవిడ గోళ్లు అచ్చం అలాగే ఉండేవి. ఎంత కడుక్కున్నా ఆ చేత్తో ముద్ద పెడితే చేదే."

ఆ చేదు శేషగిరికి తెలుసు. ఆ రోజు ఫోటో దిగాక స్నేహితుడు "ఆవిడెవర్రా?" అంటే, "మా పొలంలో కూలికొస్తుంది" అన్నాడు. పక్కనే ఉన్న ఆ తల్లి వింది. "అవును బాబూ, చిన్నయ్యగారు పట్టా తీసుకుంటుంటే చూద్దామని వచ్చా" అంది. కన్నకొడుకుని అయ్యగారు అంది!

ఇప్పుడూ ఆ పాత మాటే నాలుక చివరిదాకా వచ్చింది. తెర మీది ఆ వేళ్ల వైపు చూసి సిగ్గుతో దాన్ని మింగేశాడు.

"అవి మా అమ్మ వేళ్లు. పేరు కోటమ్మ. మాకు సెంటు భూమి లేదు. కూలికెళ్లి నన్ను చదివించింది."

ముందు వరసలో పద్మిని లేచి నిలబడింది. "అదేంటండీ! మీ చిన్నప్పుడే పోయారన్నారు కదా?"

ఆయన తలెత్తలేదు.

"మన పెళ్లికి వచ్చింది పద్మినీ. ఆఖరి బంతిలో కూలీలతో కూర్చుని భోంచేసింది. మన మీద రెండు అక్షింతలు వేసి వెళ్తానని అడిగింది. నేనే వద్దన్నాను."