నందివర్ధనాల మధ్య గన్నేరు

మా జువాలజీ మేడమ్ పోయారు. ఇంటర్‌లో నాతో చదివిన స్నేహితురాలు అచ్యుతాపురం కంపెనీ బస్సులోంచి ఫోన్ చేసి, "మేడమ్ ఇంక నేరే" అని భోరుమంది. నేను ఆస్పత్రి ల్యాబులో రక్తం నమూనా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నన్ను ఈ ల్యాబుదాకా నడిపించింది ఆవిడే.

అనకాపల్లిలో ఆవిడ దగ్గర చదివినవాళ్లు ముందు చెప్పుకునేది ఆ పూలసంచీ గురించే. డీఎన్ఏ పాఠం రోజున మునగపాక బస్సు దిగి, సంచీ నిండా పూలతో వచ్చేవారు. స్టాఫ్‌రూమ్ బీరువాలో అక్షరాలు రాసిన పెద్ద అట్ట ఒకటుండేది. "అసలుది గది దాటదు, నకలే బయటికొత్తాది" అని ఒకమ్మాయిని పంపేవారు. ఆ అమ్మాయి టి ఎదురుగా ఏ, ఏ ఎదురుగా యు, సికి జి, జికి సి రాసుకుని పరిగెత్తుకొచ్చేది. క్లాసులో ఇంకొకరు దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదవాలి. ప్రతి మూడక్షరాలూ ఒక అమైనో ఆమ్లాన్ని పిలుస్తాయి. మా క్లాసులో మాత్రం ఒక పువ్వుని. పిలుపు అందినవాళ్లు తమ పువ్వు తెచ్చి దండ గుచ్చే అమ్మాయికివ్వాలి. ఏ యు జి వస్తే దండ మొదలు, యు ఏ ఏ వస్తే ముడి. మధ్యలో ఒక్క అక్షరం మింగేశామా, అక్కణ్ణుంచి పూలన్నీ తారుమారే. మా గొడవ చూసి ముందు ఆవిడే పగలబడి నవ్వేవారు. ప్రొటీన్ అంటే నాకు ఇప్పటికీ పూలవాసనే.

ఒకరోజు అట్టమీద సి టి సి ఉన్నచోట మధ్య అక్షరం చెరిపి ఏ రాశారు. నకలులో జి ఏ జి పోయి జి యు జి వచ్చింది. నందివర్ధనం రావలసిన చోట ఎర్ర గన్నేరు వచ్చింది. "ఇంత చిన్న మార్పుకే ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. ఇంక ఒళ్లంతా నొప్పులే" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. కొండమీద మా ఇంట్లో నా తమ్ముడివి అవే నొప్పులు. ఆస్పత్రిలో సికిల్ సెల్ అన్నారు గానీ, మావాళ్ల దృష్టిలో అది అమ్మ చేసిన పాపం. అమ్మ కూడా అదే నమ్మేసి, తిండి సరిగా తినడం మానేసింది. నేను చదువు వదిలేసి ఇంటికి పోదామని అప్పటికే హాస్టల్లో పెట్టె సర్దుకున్నాను. ఆ సంగతంతా ఏడుస్తూనే మేడమ్‌కి చెప్పేశాను.

ఆ ఆదివారం నాతో, నా పెట్టెతో పాటు మేడమ్ కూడా మా కొండెక్కారు. మోకాళ్లు సహకరించక, దారి పొడవునా నన్నూ ఆ రాళ్లనూ కలిపి తిట్టారు. మా వాకిట్లో కూర్చుని, అదే అక్షరాల పాఠం చెబుతూ అమ్మ చేత దండ గుచ్చించారు. గన్నేరు వంతు రాగానే అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఈ అచ్చరం ఎవులు మార్సేరు మేడమ్మా? నానేనా?"

"నువ్వూ కాదు, నీ పెనిమిటీ కాదు. ఎప్పుడో తాతల నాడే మారిపోయింది. మీ ఇద్దరి నుంచీ ఒక్కోటి వచ్చి పిల్లడిలో కలిసేయి. ఇందులో పాపం ఏటుందమ్మా?"

"మరి నానేటి సెయ్యాల?"

"ఆస్పత్రి మందు ఆపకు, నీళ్లు బాగా తాగించు. ఈ పిల్లని కాలేజీకి తోలీ. నువ్వు కడుపునిండా తిను."

అమ్మ గన్నేరు గుచ్చి, ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రి అన్నం తింది. మర్నాడు నా పెట్టె మళ్లీ కాలేజీ బాట పట్టింది. తమ్ముడికి నొప్పులు పూర్తిగా పోలేదు, మందులతో బాగా తగ్గాయి. ఇప్పుడు వాడికి సొంత మెకానిక్ షెడ్డుంది. కొండ పిల్లల రక్తం పరీక్షించేటప్పుడు వాళ్ల అమ్మలకి నేనూ మేడమ్ మాటలే చెబుతుంటాను.

పెద్దకర్మ రోజున అమ్మ తెల్లవారుజామునే నందివర్ధనాలు కోసి దండ కట్టి తెచ్చింది. అందులో ఒకే ఒక్క ఎర్ర గన్నేరు. మేడమ్ వాళ్ల బంధువొకాయన చూసి, "తెల్లపూలలో ఇదొకటి తప్పు పడినట్టుందమ్మా" అన్నాడు.

"తప్పు కాదు బాబూ" అంది అమ్మ, తమ్ముణ్ణి చూపిస్తూ. "అది మా గుంటడు."

తమ్ముడు స్టూలెక్కి మేడమ్ ఫొటోకి ఆ దండ వేశాడు. గన్నేరు ముందుకి కనబడేలా సర్ది దిగాడు.